అడవికి తీసుకెళ్ళే కత్తికి ఎన్ని డిగ్రీల సాన పట్టాలి?

"అన్నా, నా కత్తికి ఎన్ని డిగ్రీలు పెట్టమంటావ్?" ఈ ప్రశ్న నన్ను అడగని నెల లేదు. అడిగేవాళ్ళలో ట్రెక్కింగుకు పోయే కుర్రాళ్ళున్నారు, తోటలున్నవాళ్ళున్నారు, చేపల పిచ్చోళ్ళున్నారు, అమెరికా నుంచి బావమరిది తెచ్చిచ్చిన కత్తిని ఏం చేయాలో తెలియక బీరువాలో దాచుకున్నవాళ్ళూ ఉన్నారు. 20 అని చెప్పేస్తే సంతోషంగా వెళ్ళిపోతారు. నెల తిరక్కుండా మళ్ళీ వస్తారు, "నువ్వు చెప్పినట్టే నూరాను, ఒక్క వెదురు బద్ద చీల్చేసరికి మొండిదైపోయింది" అని. అందుకే ఈసారి అంకె చెప్పి వదిలెయ్యకుండా, మీ కత్తికి ఏ అంకె సరిపోతుందో మీరే ఎలా తేల్చుకోవాలో మొత్తం రాస్తున్నాను. సాన దగ్గర ఒక సాయంత్రం, బయట పని చేస్తూ ఒక రోజు. మొదటి విడతకు అంతకన్నా పట్టదు.

కల్లు గీసే కత్తిని దగ్గరగా చూశారా ఎప్పుడైనా? తాటిగెలను పల్చగా, రోజూ ఒక్కో పొర చొప్పున చెక్కాలి కాబట్టి దాని వాదర, అంటే కోసే అంచు, గడ్డం గీసే బ్లేడంత పలచన. రోడ్డు పక్క బోండాలు కొట్టే కత్తి వాదర అలా ఉండదు, మందంగా గుండ్రంగా ఉంటుంది. వాటిని తారుమారు చేసి చూడండి: బోండాల కత్తికి గెల నలిగిపోతుంది, గీత కత్తితో నాలుగు బోండాలు కొడితే వాదరంతా నొక్కులే. మీరు అడవికి పట్టుకెళ్ళే కత్తి ఈ రెండింటికీ నడుమ ఎక్కడో ఉంటుంది. ఎక్కడ ఉంటుందన్నదే మనం వెతుక్కోవాల్సింది.

ముందు ఒక అయోమయం వదిలించుకుందాం

కత్తికి రెండు వైపులా వాలు ఉంటుంది. కొందరు ఒక వైపు వాలునే కోణం అంటారు, కొందరు రెండూ కలిపి చెబుతారు. వైపుకి 20 అన్నా, మొత్తం 40 అన్నా ఒకటే. ఇది తెలియకపోతే ఎంత నష్టమో చెబుతాను. స్వీడన్‌లో తయారయ్యే మోరా కత్తుల వాలు రెండు వైపులా కలిపి సుమారు 23 నుంచి 27 డిగ్రీలు ఉంటుంది, అంటే వైపుకి 12, 13. ఎక్కడో "మోరా 25 డిగ్రీలు" అని చదివి, వైపుకి 25 చొప్పున నూరేసిన మనిషి నాకు తెలుసు. చెక్కను వెన్నలా కోసే కత్తి పాపం గడ్డపారలా తయారైంది.

సాన పరికరాలు కూడా ఒక్క భాష మాట్లాడవు. స్పైడెర్కో షార్ప్‌మేకర్ మీద ఉండే 30, 40 అంకెలు మొత్తం కోణానివి, అంటే వైపుకి 15, 20. కత్తిని బిగించి నూరే లాన్‌స్కీ బిగింపు సెట్టులో ఉండే 17, 20, 25, 30 వైపుకి లెక్క. రెండింటి మీదా 30 అనే ఉంటుంది, కానీ ఒకటి రెండోదానికి రెట్టింపు. నేను కింద రాసే ప్రతి అంకె వైపుకి లెక్క అని గుర్తుపెట్టుకోండి.

కావలసినవి

- రెండు వైపులా వాడే సానరాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు కార్బొరండం రాయి, ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు ఉండేది చాలు. డబ్బు పెట్టగలిగితే 400, 1000 నంబర్ల డైమండ్ ప్లేట్లు కొనుక్కోండి, పని త్వరగా అవుతుంది.
- పర్మనెంట్ మార్కర్. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు, మిగతావాటిలో దేనికైనా సర్దుకోవచ్చు.
- మిల్లీమీటర్లున్న స్కేలు. వెర్నియర్ ఉంటే ఇంకా మంచిది.
- ఎత్తు పెట్టుకోవడానికి నాణేలో, చెక్క ముక్కలో, అట్ట ముక్కలో.
- పాత లెదర్ బెల్టు, అది లేకపోతే దళసరి అట్ట.
- రాయి జారకుండా కింద వేసే తడిగుడ్డ.
- నీళ్ళు, లేదా కుట్టుమిషన్ ఆయిల్. వంటనూనె మాత్రం వద్దు, నాలుగు రోజులకు జిగురు కట్టి రాయి రంధ్రాలు మూసుకుపోతాయి. ఒకసారి ఆయిల్ పోసిన రాయికి మళ్ళీ నీళ్ళు పనికిరావు.
- పరీక్షకు ఎండిన వెదురు ముక్క, మెత్తటి కర్ర ఒకటి, పాత పేపరు. ఫోన్ టార్చి ఎలాగూ ఉంటుంది.

1. ఈ కత్తి నిజంగా ఏం పని చేస్తోందో రాసుకోండి

వీడియోల్లో చూసినట్టు కాదు, మీరు చేసే పని. నూటికి ఎనభై మంది ట్రెక్కింగు కత్తి ఉల్లిపాయలు కోస్తుంది, తాడు కోస్తుంది, మ్యాగీ ప్యాకెట్ చింపుతుంది. అలాంటి కత్తికి 25 డిగ్రీలు పెట్టుకుని "బలంగా ఉంటుంది" అనుకోవడం రోజూ ఆఫీసుకు ట్రాక్టరు మీద వెళ్ళడం లాంటిది.

మన దగ్గర కత్తిని ఏడిపించేవి కొన్ని ఉన్నాయి. ఎండిన వెదురు పైతొక్కలో సిలికా ఉంటుంది, టేకులోనూ ఉంటుంది, ఇవి వాదరను ఇసుక కాగితంలా అరగదీస్తాయి. తుమ్మ, సరుగుడు, ఎండిన చింత కొమ్మలు గట్టివి, వాటి మీద కత్తిని పక్కకు మెలి పెడితే వాదర వంగుతుంది. మట్టి అంటిన కొబ్బరి తాడు, జనపనార తాడు మామూలుగా కనిపిస్తాయి గానీ వెదురుకు తీసిపోవు. మీ జాబితాలో వీటిలో ఏవి ఉన్నాయో టిక్కు పెట్టుకోండి.

పనిలో పని, అభయారణ్యాల్లోకి వెళ్ళేవాళ్ళకు ఒక మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 లోని సెక్షన్ 31 ప్రకారం ఆయుధంతో లోపలికి పోవాలంటే రాతపూర్వక అనుమతి కావాలి, ఆ చట్టంలో ఆయుధం అనే మాట కింద కత్తులు కూడా వస్తాయి. అమ్రాబాద్, పాపికొండలు వైపు వెళ్ళేవాళ్ళు చెక్‌పోస్టు దగ్గర టెన్షన్ పడేకన్నా ముందే అడిగి తెలుసుకోండి.

2. వాలు ఏ రకమో చూడండి

కత్తిని కిటికీ వెలుతురులో పెట్టి మొన వైపు నుంచి వెన్ను దాకా చూడండి. మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది, బ్లేడు కిందికి సన్నబడుతూ వచ్చి, చివర్లో ఒక మిల్లీమీటరు లోపు ఇంకో చిన్న వాలు ఉండేది. ఎక్కువ కత్తులు ఇవే. కోణం ఎంచుకోవడమనే గొడవంతా వీటికే.

రెండోది, బ్లేడు సగం నుంచి వాదర దాకా ఒకే వెడల్పాటి చదునైన వాలు, చివర చిన్న వాలు లేనిది. మోరా రకం. దీనికి మీరు కోణం ఎంచుకోనక్కర్లేదు, తయారుచేసినవాడే ఎంచి పెట్టాడు. ఆ వాలును రాయి మీద పూర్తిగా ఆనించి నూరడమే. వెదురుకు నొక్కులు పడుతుంటే 6వ మెట్టు చివర రాసిన చిన్న చిట్కా వాడండి.

మూడోది, వాలు కొద్దిగా కడుపు ఉబ్బినట్టు గుండ్రంగా ఉండేది. కుఖ్రీలు, ఊళ్ళో కమ్మరి లారీ కమాన్ పట్టీతో కొట్టి ఇచ్చే మచ్చుకత్తులు చాలావరకు ఇలాగే ఉంటాయి. వీటిని చదును రాయి మీద పెట్టి గుండ్రాన్ని పాడుచేయకండి. మౌస్‌ప్యాడ్ మీద 600 నంబరు ఎమరీ పేపరు పరిచి, వెన్ను ముందు పోతూ, వాదర దాని వెనక వచ్చేలా లాగుతూ నూరండి. మెత్తటి అడుగు కొంచెం లోపలికి పోతుంది కాబట్టి గుండ్రం అలాగే ఉంటుంది.

పళ్ళున్న కొడవళ్ళు ఈ లెక్కలోకి రావు. వాటిని రాయి మీద పెట్టొద్దు.

3. ఇప్పుడున్న కోణం ఎంతో కనిపెట్టండి

రెండు దారులున్నాయి. తేలికైనది: కత్తిని మెత్తటి కర్ర మీద పూర్తిగా పడుకోబెట్టి, ముందుకు నెమ్మదిగా తోస్తూ వెన్నును కొంచెం కొంచెంగా పైకి లేపండి. ఒకచోట వాదర కర్రను పట్టుకుంటుంది. ఆ క్షణంలో వెన్ను ఎంత ఎత్తులో ఉందో చూసుకుంటే, 5వ మెట్టులోని లెక్కతో సుమారుగా మీ కోణం తెలుస్తుంది. పది సెకన్ల పని, మొదటిసారి చేసినప్పుడు నాకు మ్యాజిక్‌లా అనిపించింది.

రెండోది వెర్నియర్ ఉన్నవాళ్ళకు. చిన్న వాలు మొదలయ్యే చోట బ్లేడు మందం కొలవండి, తర్వాత ఆ వాలు వెడల్పు కొలవండి. మందంలో సగాన్ని వెడల్పుతో భాగించి, ఫోన్ కాలిక్యులేటర్‌లో సైన్ ఇన్వర్స్ నొక్కండి. ఉదాహరణకు మందం 0.5 మి.మీ., వాలు 0.7 మి.మీ. అయితే 0.25 ను 0.7 తో భాగిస్తే 0.357, అంటే దాదాపు 21 డిగ్రీలు.

ఆ మందం అంకెను చెరిపెయ్యకండి, కింద మళ్ళీ అవసరం.

4. మొదటి అంకె ఎంచుకోండి

ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే, చివరి అంకెలు కావు.

- ఆహారం, చేపలు, పళ్ళు, సన్న తాళ్ళు: 15 నుంచి 17
- అన్నీ కొంచెం కొంచెం చేసే క్యాంపు కత్తి: 20
- ఎండిన వెదురు, గట్టి కర్ర, కత్తి వెన్ను మీద దుంగతో కొట్టి కట్టెలు చీల్చడం: 22 నుంచి 25
- గడ్డి, పచ్చి కొమ్మలు కొట్టే పలచటి మచ్చుకత్తి: 20 నుంచి 22. గట్టి కొమ్మలు నరికేది అయితే 25 నుంచి 30

తర్వాత ఉక్కును బట్టి సర్దుకోవాలి. స్విస్ జేబు కత్తి లాంటి మెత్తటి స్టెయిన్‌లెస్ (విక్టోరినాక్స్ ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ అనే కొలతలో సుమారు 56) తేలిగ్గా పదునెక్కుతుంది, కానీ పలచన చేస్తే వంగుతుంది. గట్టి ఉక్కు వంగదు, అతిగా పలచన చేస్తే చిన్న పెంకుల్లా రాలుతుంది. మీది ఏదో తెలియకపోతే పిడి దగ్గర, కనిపించని చోట ఆకురాయితో ఒక్కసారి గీయండి. ఆకురాయి బాగా కొరికితే మెత్తది, జారిపోతే గట్టిది. మెత్తది అయితే 18 కన్నా కిందికి దిగకండి.

రెండు అంకెల మధ్య ఊగుతుంటే తక్కువది తీసుకోండి. తక్కువ నుంచి ఎక్కువకు పోవడం ఐదు నిమిషాల పని, ఎక్కువ నుంచి తక్కువకు రావాలంటే బోలెడు ఇనుము తీసేయాలి, గరుకు రాయి మీద గంట కూర్చోవాల్సి రావొచ్చు.

5. ఆ కోణాన్ని చేతికి చూపించండి

చేతికి 20 డిగ్రీలంటే ఏం తెలుసు? దానికి ఎత్తు చెప్పాలి. వాదర నుంచి వెన్ను దాకా బ్లేడు వెడల్పు కొలిచి, దాన్ని వీటితో గుణించండి:

15 డిగ్రీలకు 0.26, 18 కి 0.31, 20 కి 0.34, 22 న్నరకు 0.38, 25 కి 0.42, 30 కి 0.5.

బ్లేడు వెడల్పు 25 మి.మీ. అయితే 20 డిగ్రీలకు 8.5 మి.మీ. ఎత్తు. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఆ 8.5 రాయి నుంచి వెన్ను మందం *మధ్య* దాకా. వెన్ను 4 మి.మీ. మందం ఉంటే, అందులో సగం 2 మి.మీ. తీసేయాలి, అంటే వెన్ను కింద ఖాళీ ఆరున్నర మి.మీ. మాత్రమే ఉండాలి. తీయకుండా 8.5 ఖాళీ పెట్టారనుకోండి, మీరు 20 అనుకుంటూ 24, 25 దగ్గర నూరుతున్నారన్నమాట. "నీ 20 డిగ్రీలు సరిగ్గా కోయట్లేదన్నా" అని వచ్చినవాళ్ళలో సగం మంది కత్తులు ఇలాగే దొరికిపోయాయి.

ఆ ఖాళీకి సరిపోయేన్ని నాణేలు పేర్చి రాయి చివర పెట్టండి, వెన్ను వాటి మీద ఆనేలా కత్తిని పట్టుకుని ఆ భంగిమను మణికట్టుకు అలవాటు చేయండి. తర్వాత నాణేలు తీసేసి నూరుకోవచ్చు, అప్పుడప్పుడు మళ్ళీ పెట్టి చూసుకుంటూ.

స్కేలు లేనప్పుడు కాగితం. మూల 90 డిగ్రీలు కదా, దాన్ని సగానికి మడిస్తే 45, ఇంకోసారి మడిస్తే 22 న్నర. అడవి కత్తికి ఇది మంచి అంకే. 90 ని మూడు సమాన మడతలు వేస్తే 30, దానిలో సగం 15. దళసరి కత్తిని కాగితం మడత కన్నా మూడు నాలుగు డిగ్రీలు కిందికి వాల్చండి, ఇందాకటి వెన్ను మందం గొడవే ఇక్కడా ఉంది.

ఇప్పుడు మార్కర్. రెండు వైపులా చిన్న వాలంతా నల్లగా పూయండి. నునుపు రాయి మీద రెండే రెండు సార్లు లాగి చూడండి.

వాదర అంచున మాత్రమే రంగు పోతే మీరు పాత కోణం కన్నా ఎక్కువగా పెట్టారు. వాలు పై అంచున మాత్రమే పోతే తక్కువగా పెట్టారు. మొత్తం పోతే పాత కోణంలోనే ఉన్నారు. కోణం మార్చాలనే కూర్చున్నవాళ్ళకు మొదటి రెండిట్లో ఏదో ఒకటి కనిపించడం మామూలే, కంగారు పడొద్దు. కొత్త కోణం పూర్తిగా పడేదాకా మళ్ళీ మళ్ళీ రంగు పూస్తూ పోండి.

6. నూరండి

రాయిని తడిగుడ్డ మీద పెట్టండి, జారే రాయి చేతిని కోస్తుంది. వేళ్ళు వాదర దాటి ముందుకు రాకుండా చూసుకోండి.

గరుకు వైపు ఒక పక్కనే నూరండి, అటోసారి ఇటోసారి తిప్పొద్దు. కాసేపటికి అవతలి పక్క వాదర వెంట సన్నటి ఇనప పొర మడత పడుతుంది, దాన్ని బర్ అంటారు. బొటనవేలిని వెన్ను వైపు నుంచి వాదర బయటికి జార్చితే గోరుకు తగిలినట్టు గరగరమంటుంది. వాదర *వెంట* మాత్రం వేలు జార్చకండి, కుట్లు పడతాయి. మడమ (పిడి దగ్గరి చివర) నుంచి మొన దాకా, ఎక్కడా తెగకుండా బర్ తగలాలి. ఒక్క అంగుళం తగలకపోయినా అక్కడ మీ రాయి ఇంకా వాదరను చేరలేదని అర్థం. అప్పుడు రెండో పక్క కూడా అలాగే.

మొన దగ్గర బ్లేడు వంపు తిరుగుతుంది కదా, అక్కడ పిడిని కొద్దిగా పైకి లేపాలి, లేకపోతే వంపు దగ్గర రాయి తగలదు. మరీ ఎక్కువ లేపితే మొన గుండ్రమైపోతుంది. దీనికి మార్కర్ తప్ప గురువు లేడు.

తర్వాత నునుపు వైపు. ఇక్కడ బలం తగ్గించండి. ఒక్కో పక్కకు ఐదు, తర్వాత మూడు, తర్వాత ఒక్కొక్కటి, చివర్లో కత్తి బరువు తప్ప చేతి బరువు ఉండకూడదు. చివరగా బెల్టు మీద వెన్ను ముందుకు పెట్టి ఒక్కో పక్కకు పది పదిహేను సార్లు లాగండి. వాదర ముందుకు పెట్టి లాగితే బెల్టు రెండు ముక్కలవుతుంది, మా ఇంట్లో అయింది.

ఇక ఇందాక చెప్పిన చిట్కా. మోరా రకానికైనా, 17 డిగ్రీల్లో నూరిన పలచటి కత్తికైనా, వెదురు పని ఉందనుకున్న రోజు నునుపు రాయి మీద వెన్నును ఇంకో నాలుగైదు డిగ్రీలు లేపి, పక్కకు ఐదారు సార్లు మాత్రం, బరువు లేకుండా లాగండి. కంటికి సరిగా కనిపించనంత చిన్న వాలు వాదర అంచున పడుతుంది. పలచదనం పోదు, అంచుకు మాత్రం బలం వస్తుంది. నా సొంత కత్తులు మూడింటికి ఇదే చేస్తున్నాను.

7. బయటికి వెళ్ళేముందు చూసుకోండి

టార్చి పైనుంచి పడేలా పెట్టి వాదరను మీ వైపు తిప్పి చూడండి. సరైన వాదర కనిపించదు. ఎక్కడైనా తెల్లగా మెరిసిందంటే అక్కడ మొండిగా ఉంది, లేదా బర్ మిగిలింది.

పేపరును గాలిలో పట్టుకుని పైనుంచి కిందికి కోయండి. మడమ నుంచి మొన దాకా ఒకే శబ్దం రావాలి, చిరిగిన చోట వాదరలో లోపం ఉంది. ఆ తర్వాత మెత్తటి కర్రను పదిసార్లు గట్టిగా చెక్కి, మళ్ళీ అదే పేపరు కోయండి. మొదట అద్భుతంగా కోసి, పది చెక్కులకే పేపరు చింపేస్తుంటే అది కోణం తప్పు కాదు, మిగిలిపోయిన బర్ ఊడిపోయింది. నునుపు రాయి, బెల్టు దగ్గరికి తిరిగి వెళ్ళండి. ఈ పరీక్ష చేయకుండా కోణం మార్చుకుంటూ పోయేవాళ్ళు ఎప్పటికీ ఒక అంకెకు చేరుకోలేరు, ఎందుకంటే ప్రతిసారీ అదే బర్ వాళ్ళను మోసం చేస్తుంది.

8. కత్తిని అడగండి

ఇదే అసలు మెట్టు. ఒక రోజు మీ మామూలు పనంతా ఈ కత్తితో చేయండి. ఆ అవకాశం లేకపోతే ఇంటి దగ్గరే ఎండిన వెదురును ఇరవై సార్లు చెక్కండి, ఒక కణుపును కోయండి, మెత్తటి కర్ర నుంచి పలచటి పొరలు లేపండి, మట్టి తాడు పది ముక్కలు చేయండి. తర్వాత టార్చి కింద వాదరను చూడండి, గోరు మీద బరువు లేకుండా జార్చి చూడండి, నొక్కు ఉంటే గోరుకు పట్టుకుంటుంది.

ఏమీ కాలేదా, పేపరు ఇంకా కోస్తోందా? అయితే మీ కోణం అవసరం కన్నా ఎక్కువే. ఈసారి నూరేటప్పుడు 2 డిగ్రీలు తగ్గించండి.

వాదర ఒక పక్కకు వంగి మెరుస్తోందా? 2 పెంచండి. కత్తిని కర్రలో దించి పక్కకు మెలి పెట్టారేమో కూడా గుర్తుచేసుకోండి, ఆ పనికి ఏ కోణమూ నిలబడదు.

పెంకులు రాలాయా? 2, 3 పెంచండి. కొత్త కత్తి అయితే మాత్రం వెంటనే పెంచకుండా అదే కోణంలో ఇంకో రెండుసార్లు నూరి చూడండి, తయారీలో చక్రం మీద వేడెక్కిన అంచు పోతే కింద మంచి ఉక్కు బయటపడొచ్చు.

నొక్కులు, పెంకులు ఏమీ లేకుండా వాదరంతా ఒకే రకంగా సన్నటి తెల్లగీతలా మెరుస్తోందా? అది అరుగుదల. టేకు, వెదురు, మట్టి తాడు చేసిన పని. దీనికి కోణం పెంచితే లాభం లేదు, ఇంకా త్వరగా కోయడం మానేస్తుంది. తరచుగా బెల్టుకు లాగడమే మందు.

ఇలా తగ్గిస్తూ తగ్గిస్తూ పోతే ఒకసారి వాదర పాడవుతుంది. అక్కడి నుంచి 2 డిగ్రీలు వెనక్కి రండి. మీ కత్తికి, మీ చేతికి, మీ పనికి అదే అంకె. ఇంకెవరి కత్తికో అది సరిపోకపోవచ్చు. నా క్యాంపు కత్తి 18 దగ్గర ఆగింది, అదే కంపెనీ కత్తి వాడే మా తమ్ముడిది 22, వాడు వెదురు బద్దలు చీలుస్తాడు, నేను కూరగాయలు కోస్తాను. అంకె దొరికాక దాన్ని, నాణేల లెక్కను కత్తి ఒర లోపల మార్కర్‌తో రాసేయండి, ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఎక్కువగా చెడిపోయేది ఎక్కడ

ఎలక్ట్రిక్ గ్రైండర్. ఇది నా తప్పే కాబట్టి ముందు చెబుతున్నాను. ఓపిక లేక ఒకసారి మంచి కార్బన్ ఉక్కు కత్తిని గ్రైండింగ్ షాపులో ఇచ్చాను, నీళ్ళు పెట్టకుండా చక్రానికి ఆనించాడు, నిప్పురవ్వలు చూసి ముచ్చటపడ్డాను కూడా. ఇంటికొచ్చి చూస్తే మొన దగ్గర నీలం రంగు. ఉక్కు ఆ నీలానికి రావాలంటే సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, ఇలాంటి కత్తిని తయారీలో చివరిసారి వేడిచేసేది 200 చుట్టుపక్కలే. అంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. ఆ తర్వాత 20 పెట్టినా 25 పెట్టినా మొన వంగుతూనే ఉండేది, నీలం పోయేదాకా రెండు మిల్లీమీటర్ల ఇనుము చేత్తో అరగదీసుకున్నాను. చక్రం మీద పట్టించాల్సి వస్తే ప్రతి లాగుకూ నీళ్ళలో ముంచమనండి, వాదర దగ్గర వేలు కాలుతోందంటే ఆపేయమనండి.

రెండోది మందం. ఏళ్ళ తరబడి అంచు మాత్రమే నూరుతూ పోతే వాదర మెల్లగా బ్లేడు మందంగా ఉన్న భాగంలోకి ఎక్కిపోతుంది. అప్పుడు 20 డిగ్రీలు పెట్టినా, పేపరు కోసినా, క్యారెట్ మాత్రం కోయదు, పగలగొడుతుంది. 3వ మెట్టులో కొలిచిన మందం గుర్తుందా? అది 0.4 నుంచి 0.6 మి.మీ. ఉంటే హాయి. ఒక మిల్లీమీటరు దాటితే కోణం సంగతి తర్వాత, ముందు 10, 12 డిగ్రీల్లో గరుకు రాయి మీద భుజాలు (చిన్న వాలుకు పైనున్న అంచులు) అరగదీసి పలచన చేయాలి.

మూడోది అర డిగ్రీల పిచ్చి. చేత్తో నూరేవాడికి రెండు మూడు డిగ్రీలు అటూఇటూ ఊగడం మామూలే, నాకూ ఊగుతుంది. 17 కా 18 కా అని తల పట్టుకునేవాళ్ళు ఆ సమయాన్ని బర్ తీయడానికి పెడితే రెండింతలు లాభం. బిగింపు సెట్టులోనైనా, కత్తిని ముందుకు బిగించారా వెనక్కి బిగించారా అన్నదాన్ని బట్టి పరికరం మీద రాసిన అంకె మారిపోతుంది, కాబట్టి అక్కడా మార్కర్‌నే నమ్మండి.

లోపల పెట్టి లాగే చిన్న ప్లాస్టిక్ సాన గురించి అందరూ అడుగుతారు. కోణం దానిదే, మీకు ఎంపిక లేదు, ఇనుమును గోకేస్తుంది. వంటింటి చవక కత్తికి సరే, డబ్బు పోసి కొన్నదానికి వద్దు.

అడవిలో ఉండగా మొండిదైతే

టెంటు దగ్గర రాయి ఉండదు. పింగాణీ కప్పు ఉంటే బోర్లించండి, అడుగున మెరుపు లేని గరుకు వలయం ఉంటుంది, అది సన్నటి సానరాయితో సమానం. కారు పక్కన ఉంటే అద్దం సగం దించి, పై అంచు మీద కూడా లాగొచ్చు, కానీ కారు మీది కాకపోతే అడిగి చేయండి. ఏది వాడినా, ఇంట్లో నూరిన కోణం కన్నా ఒక రవ్వ ఎక్కువ లేపి, పక్కకు ఐదారు సార్లు మాత్రం, బరువు లేకుండా. రవ్వ ఎక్కువ ఎందుకంటే చీకట్లో, వంగి కూర్చుని, కప్పు అంచు మీద మీ చేయి కచ్చితంగా ఊగుతుంది, తక్కువ లేపితే వాదర అసలు తగలకుండా పైన గీతలు మాత్రమే పడతాయి. తర్వాత నడుముకున్న బెల్టు విప్పి పది లాగులు. ఇనప నలుసులు గుడ్డతో తుడిచి, కడిగి, అప్పుడు టమాటాలు కోసుకోండి.